మూతకి వేసిన కన్నం

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్
ఫిబ్రవరి 1976

గౌరీ,

నీ కూతురు క్షేమంగా చేరింది. ఈ ఒక్క మాట కోసం నువ్వు పోస్టుమాన్ వచ్చే వేళకి వీధిలోనే నిలబడి ఉంటావు కాబట్టి ముందే రాసేశాను. ఇక లోపలికి వెళ్ళి, బావగారికి కూడా వినపడేలా మిగతాది చదువు. ఆయన కాలి కట్టు ఎప్పుడు విప్పుతారో రాయి.

పరమేశ్వరి రైల్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదట. ఇంటికి రాగానే మీ వదిన చారూ అన్నం కలిపి, దగ్గర కూర్చుని తినిపించింది. తిన్నది కడుపులో నిలిచింది. మర్నాడే రైల్లో మిడ్నాపూరు తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించాం. మా రైల్వే ఆసుపత్రిలో మేనకోడళ్ళకి చోటు లేదు. అయినా ఈవిడ అంతకంటే నయం. మా రైల్వే వర్క్‌షాపులో సగం మంది పిల్లలు ఈవిడ చేతుల్లోనే పుట్టారు. బిడ్డ బాగుందనీ, వైశాఖం ఆఖర్లో కాన్పు కావచ్చనీ చెప్పింది. పోయినసారి జరిగిందంతా విని, "నొప్పి మొదలైందంటే ఇంట్లో మంత్రసానిని నమ్ముకుని కూర్చోవద్దు. వెంటనే నా దగ్గర ఉండాలి" అంది.

ఆ 'వెంటనే' కోసం నేనొక పని చేశాను. తిట్టకు. కారు కొన్నాను.

సొలొమోను గారు నీకు గుర్తుండే ఉంటాడు. మెయిలు బండి డ్రైవరు. నువ్వు చిన్నప్పుడు ఇక్కడికి వస్తే ఇంజను ఎక్కించి నీ చేత విజిల్ లాగించినాయన. రిటైరయ్యాడు. కళ్ళకి పొరలు కమ్మి చూపు బాగా మందగించింది. తన పాత నల్ల కారుని పాకలో పెట్టుకుని తడుముకుంటూ రోజూ తుడుస్తుండేవాడు. "నాను నడపనేను. ఇంకెవులికీ ఇవ్వబుద్ది కాదు. నువ్వు ఇంజన్లు తెలిసినోడివి, తీసుకెల్లు" అన్నాడు. అది నాకు అప్పజెప్పి, కూతుర్ని చూడడానికి చక్రధర్‌పూర్ వెళ్ళాడు. నడపడం సాలువా వైపు ఖాళీ రోడ్డు మీద నేర్చుకున్నాను. మేకలు తప్ప ఎవరూ అడ్డం రాలేదు. మేకలకి కూడా ఏమీ కాలేదు.

ఒకే ఒక్క లోపం కనిపించింది, దాన్ని నేనే సరిచేశాను. కారు ఇంజను వేడెక్కకుండా ముందు వైపు నీళ్ళ రేడియేటర్ ఉంటుంది. దాని మూతకి లోపల స్ప్రింగూ రబ్బరూ పెట్టి, ఆవిరి బయటికి రాకుండా బిగించేశారు.  బిగించిన ఆవిరికి పోయే దారి వదలాలని బాయిలర్ షాపులో మొదటి రోజే నేర్పుతారు. నాతోపాటు పనిలో చేరిన తిమోతి సంగతి నీకు తెలుసు కదా. బాయిలర్ ప్లగ్గు ఊడి ఆవిరి తన్నినప్పుడు పక్కన ఉన్నది నేనే. ఉడికిపోయిన వాడి చేతులు చూసినవాణ్ణి, గర్భిణి కూర్చునే బండిలో అలాంటిది ఉండనిస్తానా? మూతని షాపుకి పట్టుకెళ్ళి, నడిమధ్య డ్రిల్లుతో కన్నం వేశాను. ఇప్పుడు ఆవిరి హాయిగా బయటికి పోతుంది. కారు చేసిన తెల్లవాడికి తట్టని ఆలోచన నాకు తట్టిందని మీ వదినతో అన్నాను. ఆవిడ "ఊ" అని పప్పు కలియబెట్టుకుంటోంది.

నిశ్చింతగా పడుకో.

మీ అన్నయ్య
తాతారావు


సాలూరు
మార్చి 1976

అన్నయ్యా,

కారు కొన్నావని చదివి మీ బావగారు మంచంలోనే లేచి కూర్చోబోయి కాలు నొప్పి పెట్టుకున్నారు. "మీ అన్న జమీందారైపోనాడేటే" అని ఆ రోజంతా అందరితోనూ చెప్పుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పోయిన ఏడు ఏం జరిగిందో నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొత్తం రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు తెలుసుకుని తీరాలి. అప్పుడు పరమేశ్వరి అత్తవారి ఊళ్ళో ఉంది. కబురు అంది నేను వెళ్ళేసరికి నొప్పులు పడుతోంది. తొలి కాన్పు కదా, తొందరేముందని వాళ్ళు భోజనాలు చేసి, ఎడ్లకి మేత వేసి, అప్పుడు బండి కట్టారు. ఆసుపత్రి ఉన్న ఊరు, మక్కువ, ఇంకా రాలేదు. అది నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఇంకెంత దూరం" అని అడుగుతూనే ఉంది. నేను "వచ్చేసినాం, వచ్చేసినాం" అని అబద్ధం చెబుతూనే ఉన్నాను. బిడ్డ బండిలోనే పుట్టి, బండిలోనే పోయింది.

అందుకే దాన్ని నీ దగ్గరికి పంపాను. కాన్పుకి కూతుర్ని పుట్టింట్లో ఉంచుకోకుండా అంత దూరం తోలేసిందని ఊళ్ళో నాలుగు మాటలు అంటున్నారు. అననీ. నేనే రావలసింది, ఈయన్ని మంచంలో వదిలి కదలలేకపోతున్నాను.

నీ కారు దారిలో ఆగదు కదా? అది ఒక్కటి చెప్పు. నీకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటుంది. మంచి కబురైతే పేజీలు నింపుతావు, చెడ్డ కబురైతే నాలుగు ముక్కలు గీకుతావు. నాకు నిజం రాయి.

గౌరి


తాల్‌బగీచా
మార్చి ఆఖరు

గౌరీ,

పరమేశ్వరి బాగుంది. కార్లోనే మిడ్నాపూరు వెళ్ళి వచ్చాం. పొద్దున్నే బయల్దేరి, చీకటి పడకముందే ఇంటికి చేరాం. డాక్టరమ్మ అంతా సవ్యంగా ఉందంది. ఎండలు ముదురుతున్నాయి. బావగారిని అడిగానని చెప్పు.

తాతారావు


సాలూరు
ఏప్రిల్ 1976

అన్నయ్యా,

పొద్దున్న వెళ్ళి, చీకటి పడకముందా? పోయినసారి రైల్లో వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చారని అది నాకు రాసింది. రైలు కంటే గొప్పదని కొన్న కారు దాన్ని సాయంత్రం దాకా ఎక్కడ తిప్పింది?

నాలుగు ముక్కలు రాశావు. లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మేకల గురించి ఒక్క ముక్క లేదు, వదిన గురించి లేదు, నీ తెలివితేటల గురించి అసలే లేదు.  ఈయన నా మొహం చూసి ఉత్తరం లాక్కుని చదివి, "బాగుందని రాసినాడు కదే, ఎందుకలాగ అయిపోతావు" అన్నారు. మా అన్నయ్య ఉత్తరం చదవడం ఆయనకేం తెలుసు?

ఏం జరిగిందో రాయి. నేను ఇక్కడ ఊహించుకునేదాని కంటే నిజం చిన్నదే అయి ఉంటుంది. రాయకపోతే ఈయన్ని పక్కింటి అప్పలనర్సమ్మకి అప్పజెప్పి రైలెక్కేస్తాను. నా మీద ఒట్టు.

గౌరి


తాల్‌బగీచా
ఏప్రిల్ 1976

గౌరీ,

ఒట్టు తీసేసుకో. రాస్తున్నాను.

కాసాయి నది వంతెన ఇంకా రాకుండానే బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసా వచ్చింది. కారు రోడ్డు పక్కకి లాగి ఆపాను. రేడియేటర్‌లో నీళ్ళు సగానికి సగం పోయాయి. మిగిలినవి కుతకుతలాడుతున్నాయి. పరమేశ్వరిని దింపి కల్వర్టు గట్టు మీద కూర్చోబెట్టి, నెత్తిన నా తువ్వాలు కప్పాను. చెట్టు నీడ కూడా లేదక్కడ. మీ వదిన ఎదురుగా ఉన్న గుడిసెల దగ్గరికి వెళ్ళి, వచ్చీరాని బెంగాలీలో బతిమాలి, బిందెతో నీళ్ళు మోసుకొచ్చింది. చల్లారేదాకా ఆగి, నీళ్ళు పోసి, మళ్ళీ బయల్దేరాం. తిరిగి వచ్చేటప్పుడు కూడా అంతే. దారిలో ఒక సర్దార్జీ లారీ ఆపి చూసి, "ఠీక్ హై, పానీ డాలో, చలో" అన్నాడు, బాగానే ఉంది, నీళ్ళు పోసి పొమ్మని. ఆయనకి ఠీకే. కార్లో కూర్చున్నది ఆయన మేనకోడలు కాదు కదా.

 పరమేశ్వరి గట్టు మీద కూర్చుని "ఇంకెంత దూరం మావయ్యా" అని మాత్రం అడిగింది. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది.  అందుకే నీకు నాలుగు ముక్కలు రాశాను.

అప్పటినుంచి నేను చేయని వైద్యం లేదు. ఇందా అనే పేటలో ఒక బెంగాలీ కారు మిస్త్రీ ఉన్నాడు. రేడియేటర్ గొట్టాలు పూడిపోయాయన్నాడు. విప్పించి కడిగించాను. ఎర్రటి బురద వచ్చింది. ఇక బాగుపడిందనుకున్నాను. మర్నాడు మళ్ళీ మరిగింది. ఇంకొకడు ఫ్యాన్ బెల్టు వదులైందన్నాడు, మార్పించాను. మరిగింది. ఇంకొకడు ఇంజన్లో పెట్రోలు ముందే అంటుకుంటోందని ఏదో తిప్పాడు. దాంతో కారుకి దగ్గు కూడా వచ్చింది, మరగడం మాత్రం మానలేదు. రోజూ డ్యూటీ దిగగానే, డిక్కీలో నీళ్ళ టిన్నులు పెట్టుకుని, ఒక్కణ్ణే వంతెన దాకా వెళ్ళి వస్తున్నాను. మరగకుండా ఒక్కసారీ తిరిగి రాలేదు. మా వీధిలో ఉండే దేముడు అనే కుర్రాడు ఎదురైనప్పుడల్లా "ఏటి తాతారావు మావా, షాపుల ఇంజనొకటి ఇంటికట్టుకొచ్చినావేటి?" అంటాడు. ఖరగ్‌పూర్లో తెలుగువాళ్ళందరికీ ఇదే కబురు. నేను కూడా నవ్వేవాణ్ణే, ఇంకొకడి కారు అయితే.

రైల్లో తీసుకెళ్ళొచ్చు కదా అంటావు. పొద్దుటి లోకల్ వెళ్ళిపోతే మధ్యాహ్నం దాకా ఇంకొకటి లేదు. పైగా స్టేషన్లో అన్ని మెట్లు. ఇన్నేళ్ళు రైల్వేలో పనిచేసి చెబుతున్నాను, నొప్పులు టైంటేబుల్ చూసుకుని రావు. స్టేషను దగ్గర టాక్సీ వాళ్ళని అడిగాను. కాన్పు అనగానే సీటు వైపు చూసుకుని, "ఆ టయానికి ఎక్కడుంటామో దాదా" అన్నారు.

భయంగా ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ వదినకి చెప్పనక్కర్లేదు, ఆవిడ చూస్తూనే ఉంది.

తాతారావు


సాలూరు
ఏప్రిల్ ఆఖరు

అన్నయ్యా,

నిజం రాసినందుకు సంతోషం. ఇప్పుడు నేను దాచింది కూడా విను.

పరమేశ్వరి అత్తగారు చిలకమ్మ గారు మొన్న ఈయన కాలు చూసి వెళ్ళడానికని వచ్చారు. కొడుకుని కూడా వెంటబెట్టుకొచ్చారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఇది కూడా దక్కకపోతే మావోడికి ఇంకో సమ్మందం సూసుకుంటాం. తరవాత మాట రాకూడదని ముందే సెప్తన్నాను వొదినా" అన్నారు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పారు. అల్లుడు పక్కనే కూర్చుని నేల చూశాడు. మంచి కుర్రాడే. కానీ నేల చూశాడు. బండి ఆలస్యంగా కట్టింది ఎవరమ్మా అని అడుగుదామని నా నాలిక చివరిదాకా వచ్చింది. కూతురు వాళ్ళింట్లో బతకాలి కదా, మింగేశాను.

ఈ సంగతి దానికి తెలియనీకు. నీకు చెబితే నువ్వు ఇంకా హడలిపోతావని ఇన్నాళ్ళూ రాయలేదు. హడలిపోయినా ఫరవాలేదు, ఇక నువ్వు కూడా తెలుసుకోవాలి.

మిడ్నాపూరులోనే ముందుగా ఒక గది తీసుకుని దాన్నీ వదిననీ ఉంచడానికి కుదరదా? లేదూ, ఆ కారు బాగుచేయగలవాడు ఆ ఊళ్ళో ఒక్కడూ లేడా? ఇంజన్లు చేసే ఊరు కదా మీది! సొలొమోను గారిని అడిగావా? కొన్నది ఆయన దగ్గర కదా. అడిగితే నీ పరువు పోతుందనా? నీ పరువు నా కూతురి కంటే ఎక్కువ కాదు. కోపం తెచ్చుకో, కానీ వెళ్ళి అడుగు.

గౌరి


తాల్‌బగీచా
మే 1976

గౌరీ,

కోపం తెచ్చుకోలేదు. పరువు గురించి నువ్వు రాసింది నిజం. గది కోసం మీ వదినా నేనూ ఒక రోజంతా తిరిగాం. నెలలు నిండిన మనిషికి ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. సొలొమోను గారు చక్రధర్‌పూర్ నుంచి వచ్చాడని తెలిసి కూడా నేను వారం పాటు ఆయన వీధి తప్పించి తిరిగాను. నీ ఉత్తరం అందిన రోజే కారు తీసుకుని వెళ్ళాను. దారిలో మరిగింది. మరుగుతూనే ఆయన గుమ్మం ముందు ఆగింది.

ఆయన బయటికి వచ్చి ఆ చప్పుడు విన్నాడు. ముసలాయన మొహం ముడుచుకుపోయింది, పసిపిల్ల ఏడుపు విన్నట్టు. చల్లారేదాకా నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, తర్వాత బానెట్ ఎత్తమన్నాడు. చూపు లేదు కదా, ఒక్కొక్కటీ వేళ్ళతో తడుముతూ వచ్చాడు. గొట్టాలు, బెల్టు, ఫ్యాను. మూత దగ్గరికి వచ్చి వేలు ఆగిపోయింది.

"ఈ కన్నం ఎవులు పెట్టినారు?" అన్నాడు.

"నానే డ్రైవరు గారూ. ఆవిరి పోవాల కదా."

ఆయన నవ్వలేదు. "తాతారావూ, మీ బాయిలర్ల నీరు నూరు డిగ్రీలకే మరిగిపోతాదేటి?"

"అదెందుకు మరుగుతాది? ప్రెషరు ఉంటాది కదా. ప్రెషరు ఉన్నంతసేపూ నీరు ఎంత కాలినా..." అని అక్కడ ఆగిపోయాను.

గౌరీ, ఇది నాకు తెలియని విషయం కాదు. మా షాపులో కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెబుతాను. మూత బిగిస్తే లోపల ఒత్తిడి ఉంటుంది, ఒత్తిడి ఉంటే నీరు తొందరగా మరగదు, మరగకపోతే బయటికి పోదు. ఆ స్ప్రింగు కూడా ఊరికే పెట్టింది కాదు. ఒత్తిడి మరీ ఎక్కువైతే అదే లేచి దారి ఇస్తుంది. మా బాయిలర్ల మీద సేఫ్టీ వాల్వు చేసేది అదే పని. నేను రోజూ చేతుల్తో పట్టుకునే వస్తువు, కారు మీద చిన్నదిగా కనిపిస్తే గుర్తు పట్టలేదు. తిమోతి చేతులే కనిపించాయి నాకు. భయంతో కన్నం వేసి, దానికి తెలివి అని పేరు పెట్టుకున్నాను. ఆ ఎండలో నీ కూతుర్ని గట్టు మీద కూర్చోబెట్టింది కారు కాదు, నేను.

కొత్త మూత కలకత్తా నుంచి తెలిసిన గార్డు చేత తెప్పించాను. నిన్న వేసుకుని వంతెన దాటి మిడ్నాపూరు పొలిమేర దాకా వెళ్ళి వచ్చాను. ఆవిరి రాలేదు. నీరు చుక్క తగ్గలేదు. వేడి చూపించే ముల్లు మధ్యలోనే నిలబడింది.

కానీ నిజం రాయమన్నావు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. దారి పొడుగునా స్టీరింగు మీద నా చేతులు వణికాయి. ఇంతకుముందు మరుగుతుందని భయం. ఇప్పుడు ఆవిరి నా ముందే బిగిసి కూర్చుందని భయం. సొలొమోను గారు గట్టిగా చెప్పి పంపిన మాట పరమేశ్వరికి కూడా చెప్పి ఉంచాను. "యేడి మీద ఉన్నప్పుడు మూత మీద సెయ్యెయ్యకు. నువ్వు ఏస్తావు, నాకు తెలుసు. ఎయ్యకు." డాక్టరమ్మ ఇక ఏ రోజైనా కావచ్చు అంటోంది.

తాతారావు


సాలూరు
మే 1976

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను, తర్వాత లేచి అన్నం తిన్నాను. చాలా రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది.

నువ్వు భయపడుతున్నావని తెలిసి నాకు ధైర్యం వచ్చింది. వింతగా ఉందా? ఆ రోజు ఆ బండి దగ్గర ఎవరికీ భయం లేదు. భోజనాలు చేశారు, చుట్ట కాల్చుకున్నారు, ఎడ్లని మెచ్చుకున్నారు. భయపడింది నేనొక్కదాన్నే, నా మాట ఎవరూ వినలేదు. ఈసారి దాని పక్కన భయపడేవాడు ఒకడున్నాడు. నువ్వు వణుకుతూనే నడుపు. నాకు అదే చాలు.

ఒక్కటి అడుగుతున్నాను. ఆ రోజు వచ్చినప్పుడు ఆసుపత్రిలో కూర్చునే రాయి. ఇంటికి వెళ్ళి, స్నానం చేసి, తీరిగ్గా రాయకు. ఇంటికి వెళ్తే నువ్వు ఉత్తరాన్ని సరిదిద్దుతావు. ఏది జరిగితే అది, జరిగినట్టు రాయి. మంచైనా, కాకపోయినా.

గౌరి


మిడ్నాపూరు, ఆసుపత్రి వరండా
మే 1976

గౌరీ,

నువ్వు చెప్పినట్టే ఇక్కడ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం కాంపౌండరు ఇచ్చాడు. పరమేశ్వరి లోపల ఉంది. మీ వదిన తలుపు దగ్గర ఉంది. నన్ను ఇంతకంటే దగ్గరికి రానివ్వలేదు.

పొద్దుటి లోకల్ వెళ్ళిపోయాక నొప్పులు మొదలయ్యాయి. నేను డ్యూటీకి బయల్దేరబోతున్నాను. మీ వదిన "ఏవండోయ్" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకతోనే నాకు అర్థమైంది. ఎవరూ భోజనం చేయలేదు. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే ఉంది.

తాల్‌బగీచా నుంచి బాగానే వచ్చాం. పూరీ గేటనే రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి అది వేసి ఉంది. గూడ్సు బండి. నాలుగు పెట్టెలు దాటి, సిగ్నల్ లేక పట్టాల మీద అడ్డంగా నిలబడిపోయింది. ఇన్నేళ్ళు ఆ బండ్ల అన్నమే తిన్నాను, ఇవాళ వాటిని తిట్టినట్టు ఎవరినీ తిట్టలేదు. వెనక రిక్షాలు, లారీలు నిండిపోయాయి, వెనక్కి తిప్పే దారి లేదు. ఇంజను ఆపుదామంటే వేడి మీద మళ్ళీ అందుకోదేమోనని భయం. ఆపకపోతే గాలి తగలక ముల్లు పైకి పోతోంది. చూస్తూ ఉండగానే ఎర్ర గీత దగ్గరికి వచ్చింది.

నర్సు ఇప్పుడే బయటికి వచ్చి వేడినీళ్ళు పట్టుకెళ్ళింది. 

దిగి బానెట్ ఎత్తాను. గొట్టాలు ఉబ్బి, మూత చుట్టూ సన్నగా ఈల లాంటి చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు గౌరీ. ఇక నాకు ఏమీ కనిపించలేదు. తువ్వాలు చేతికి చుట్టుకున్నాను. కొంచెం వదులు చేస్తే చాలు, ఆవిరి పోతుంది, పిల్ల బతికిపోతుంది, అదొక్కటే ఆలోచన. వద్దని ముసలాయన చెప్పింది ఒక్క ముక్క గుర్తు రాలేదు. చెయ్యి మూత మీదికి వెళ్ళింది.

వెనక సీట్లోంచి పరమేశ్వరి అరిచింది. "మావయ్యా! దాని మీద సెయ్యెయ్యకు!"

నేను తల తిప్పి చూశాను. మొహమంతా చెమట. మీ వదిన భుజం పట్టుకుని, పళ్ళు బిగించి, నొప్పి వదిలేదాకా ఆగి, అప్పుడు మెల్లగా అంది. "అది తట్టుకుంటాది మావయ్యా. నాను తట్టుకోడం నేదేటి?"

చెయ్యి తీసేశాను. మూత తీసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. నా చేతులు పోయేవి. నీళ్ళన్నీ చిమ్మి, కారు అక్కడే చచ్చేది. నీ కూతురు గేటు దగ్గర, అంతమంది ముందు... రాయను. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ఆ ఈల వింటూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. గూడ్సు కదిలింది.

ఆ తర్వాత గాలి తగిలింది. ముల్లు దిగింది. వంతెన దాటాం. "ఇంకెంత దూరం" అని ఈసారి అది అడగలేదు, దారంతా నేనే మీ వదినని అడిగాను.

డాక్టరమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళింది. తలుపు వేశారు. పరమేశ్వరి గొంతు ఇందాకటి దాకా వినపడింది. ఇప్పుడు వినపడడం లేదు.  మీ వదిన నా వైపు చూడడం లేదు. గోడ వైపు తిరిగి నూకాలమ్మ తల్లికి మొక్కుకుంటోంది. ఏం రాయను గౌరీ? నువ్వు రాయమన్నావు. బిడ్డ ఏడుపు రాలేదు. ఇంకా రాలేదు. రాయడం ఆపితే నా చెయ్యి ఏం చేస్తుందో తెలియక రాస్తున్నాను. లోపల బిడ్డని ఎవరో చరుస్తున్న చప్పుడు. మళ్ళీ ఇంకోసారి.

వచ్చింది.

గౌరీ, ఏడుస్తోంది. సన్నగా మొదలుపెట్టి, ఇప్పుడు గొంతు చించుకుని ఏడుస్తోంది. పరమేశ్వరి గొంతు కూడా మళ్ళీ వినపడింది. ఆడో మగో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. తలుపు తెరిచిన నర్సు జోకొట్టి ఊరుకోబెడుతుంటే, గుమ్మంలో నిలబడి, ఇంకాసేపు ఏడవనివ్వమ్మా అని చేతులు జోడించి బతిమాలి వచ్చాను.

అన్నయ్య